డ్యుటీరియం, ఆర్థో-పారా, నవజాత హైడ్రోజన్: ఇవన్నీ ఒకే రకం 'రూపాలా'?

ఇంటర్ పుస్తకంలో ఇవన్నీ హైడ్రోజన్ రూపాలనే ఉన్నాయి, తేడా ఏంటి, ఎక్కడ వాడతారు అని అడిగారు. ముందు వీటిని ఒకే గాటన కట్టడం మానండి. ప్రోటియం, డ్యుటీరియం, ట్రిటియంల తేడా కేంద్రకంలోని న్యూట్రాన్ల లెక్కలో ఉంది: వరుసగా 0, 1, 2. ఆర్థో, పారాలది హైడ్రోజన్ అణువులోని రెండు ప్రోటాన్ల స్పిన్ (వాటి సహజ భ్రమణ గుణం) సంగతి: ఒకే వైపుంటే ఆర్థో, ఎదురెదురైతే పారా. నవజాతం సంగతి చివర్లో చెప్తాను.

పరీక్షలో రెండు మార్కులకే పరిమితమైన ఆర్థో-పారా, ద్రవ హైడ్రోజన్ తయారుచేసేవాళ్లకు పెద్ద తలనొప్పి. గది ఉష్ణోగ్రత దగ్గర 75 శాతం ఆర్థో, 25 శాతం పారా ఉంటాయి. మైనస్ 253 డిగ్రీల దగ్గర దాదాపు అంతా పారాగా ఉండాలి. కానీ చల్లబరచగానే మారదు. ట్యాంకులోకి చేరాక నింపాదిగా మారుతూ కిలోకు సుమారు 527 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. కిలో ద్రవం ఆవిరి కావడానికి 446 చాలు! ఇన్సులేషన్ ఎంత బాగున్నా సరుకు లోపలి వేడికే మరిగి, మొదటి రోజే ఐదో వంతు దాకా పోతుంది. అందుకే ద్రవీకరించే దారిలోనే ఫెర్రిక్ ఆక్సైడ్ ఉత్ప్రేరకం నింపి, దశలవారీగా పారాగా మార్చేస్తారు. ద్రవ నత్రజని చలి దగ్గరే సగం పారా అయిపోతుంది. ఆ వేడిని అక్కడే లాగేయడం చవక, 20 కెల్విన్ (అదే మైనస్ 253 డిగ్రీలు) దాకా దించాక లాగాలంటే కరెంటు బిల్లు పేలిపోతుంది. ఉత్ప్రేరకానికి తేమ తగిలితే పని మానేస్తుంది, కాబట్టి వాడేముందు వేడిచేసి బాగా ఆరబెట్టాలి. శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్ క్రయోజెనిక్ (అతి చల్లని ఇంధనం వాడే) దశలో ఇంధనం ద్రవ హైడ్రోజనే.

డ్యుటీరియం నీళ్లలో దాదాపు 6,500 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి ఉంటుంది. మణుగూరు భారజల (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీళ్ల) కర్మాగారంలో గోదావరి నీళ్లను హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిపి దాన్ని లాగుతారు. సుమారు 30 డిగ్రీల చల్లని టవర్లో డ్యుటీరియం నీళ్లలోకి, 130 డిగ్రీల వేడి టవర్లో వాయువులోకి మొగ్గుతుంది. ఇంకా చల్లబరిస్తే లాభమేగా అనిపిస్తుంది. కానీ టవర్లలోని పీడనం దగ్గర ఉష్ణోగ్రత కాస్త దిగినా వాయువూ నీళ్లూ కలిసి మంచులా గడ్డకట్టి ట్రేలు మూసుకుపోతాయి. భారజలం న్యూట్రాన్ల వేగం తగ్గిస్తూ, వాటిని పెద్దగా మింగదు. అందుకే సహజ యురేనియం రియాక్టర్లకు అదే కావాలి. దాని ఐసుముక్కను మామూలు నీళ్లలో వేస్తే మునిగిపోతుంది.

ట్రిటియం రేడియోధార్మికం, అర్ధాయువు 12.3 ఏళ్లు. కరెంటు అక్కర్లేని ఎగ్జిట్ బోర్డుల వెలుగు దీనిదే.

ఇక నవజాతం. ఆమ్లం కలిపిన పసుపు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలోకి హైడ్రోజన్ వాయువు పంపితే రంగు మారదు. జింకు ముక్క వేస్తే కాసేపటికి వెలిసిపోతుంది. పుస్తకం 'అప్పుడే పుట్టిన హైడ్రోజన్' మహిమ అంటుంది. నిజానికి జింకే నేరుగా ఎలక్ట్రాన్లు ఇస్తోంది. హైడ్రోజనే కారణమైతే ఏ లోహం వేసినా ఒకే ఫలితం రావాలి. పొటాషియం క్లోరేట్‌ను జింకు-ఆమ్లం క్షయకరణం చేస్తాయి, అవీ హైడ్రోజన్ పుట్టించేవే అయినా సోడియం అమాల్గం (పాదరసంలో కలిపిన సోడియం)-నీళ్లు చెయ్యలేవు.