రాసింది పైకి చదివే ఇంజిన్‌కి పంపే ఎస్‌ఎస్‌ఎంఎల్‌లో & ఉంటే ఎర్రర్ వస్తోంది. దాన్ని ‘అండ్’ అని మార్చేస్తే సరిపోదా?

సరిపోదు. ఇవాళ్టికి గండం గడుస్తుంది, అంతే.

మందుల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయనకి బకాయిలు గుర్తుచేసే ఆటోమేటిక్ కాల్స్ పెట్టాం. మెడికల్ షాపుల పేర్లలో ‘& సన్స్’, ‘& కో’ మామూలే. సరిగ్గా వాళ్లకే కాల్స్ వెళ్లలేదు. ఎస్‌ఎస్‌ఎంఎల్ అంటే ట్యాగులతో రాసే ఎక్స్‌ఎంఎల్ కదా, విడి & కనబడితే దాన్ని చదివే ప్రోగ్రాం (పార్సర్) ఆ ఒక్క మాట వదిలేసి ఊరుకోదు, మెసేజ్ మొత్తం తిప్పికొడుతుంది. అకౌంట్స్ ఆయనేమో షాపువాళ్లే ఫోన్ ఎత్తడం లేదని తిట్టుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాడు & ని ఎస్కేప్ చేశాడు, అంటే దాని బదులు ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకునే ‘యాంప్’ అన్న కోడ్ పెట్టాడు. అదీ రెండుసార్లు: డేటాబేస్‌లో దాచేటప్పుడు ఒకసారి, ఇంజిన్‌కి పంపేటప్పుడు ఇంకోసారి. మర్నాడు ఫోన్లో ఆడగొంతు ‘ఫలానా యాంప్ సన్స్ గారికి నమస్కారం’ అంది. ఆ షాపు పెద్దాయన ఫోన్ చేసి, ‘ఈ యాంప్ ఎవరండీ, నాకు తెలియకుండా కొత్త పార్ట్‌నరా?’ అని అడిగారు.

అందుకే డేటాబేస్‌లో పేరు ఉన్నదున్నట్టే ఉండాలి. ఎస్కేప్ చేసేది పంపే ముందు, ఒక్కచోటే. చేత్తో రీప్లేస్‌లు రాస్తే & ని మిగతా గుర్తులకంటే ముందు మార్చాలి. చివర మార్చారంటే, అప్పటికే మార్చిన వాటిలోని & మళ్లీ మారిపోతుంది. అసలు చేత్తో రాయడమే దండగ, లైబ్రరీ ఉంది. పైథాన్ xml.sax.saxutils లోని మామూలు ఎస్కేప్ ఫంక్షన్ కొటేషన్లను ముట్టుకోదు, అట్రిబ్యూట్‌కి, అంటే ట్యాగ్ లోపల కొటేషన్లలో రాసే విలువకి, అందులోనే ఉన్న కోట్‌ఆట్ర్ (quoteattr) వాడండి.

ఆ తేడా, మాటని ఎలా పలకాలో చెప్పే ఫోనీమ్ ట్యాగ్ దగ్గర తెలుస్తుంది. ఉచ్చారణని మామూలు కీబోర్డు గుర్తులతో రాయడానికి 1995లో జాన్ వెల్స్ చేసిన ఎక్స్-సాంపాలో ఒత్తి పలకడానికి గుర్తు డబుల్ కొటేషనే. అట్రిబ్యూట్ కూడా డబుల్ కొటేషన్లలో ఉంటే అక్కడే మూసుకుపోతుంది. సింగిల్ కొటేషన్లలో పెడదామా అంటే అదీ అందులో ఒక ఉచ్చారణ గుర్తే. & కూడా ఒక అచ్చు! అక్కడ ‘అండ్’ అని రాస్తారా? మీ ఇంజిన్ ఒప్పుకుంటే అంతర్జాతీయ ఉచ్చారణ లిపి ఐపీఏ వాడండి, దాని ఒత్తు గుర్తు చూడ్డానికి కొటేషన్‌లా ఉన్నా వేరే అక్షరం, ఎస్కేప్ అక్కర్లేదు.

ఇంకో మాట. నేను చూసిన ప్రతి టీమ్‌లో టెస్ట్ డేటా అంటే రాము, సోము, టెస్ట్ వన్. ఒక్క & ఉండదు, ఒక్క కొటేషన్ ఉండదు. కస్టమర్ల అసలు లిస్టుతో నడిపి చూడటానికి ఏం రోగం?