పాత ల్యాప్‌టాప్‌లో కొత్త ర్యామ్: విశాఖ పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా అబ్బాయి కోసం 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఇంటెల్ ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. ఈమధ్య 8 జీబీ ర్యామ్ కొని పెట్టిస్తే పవర్ లైటు వెలుగుతోంది, ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ రావడం లేదు. పాత ర్యామ్ పెడితే మామూలే. షాపతను మదర్‌బోర్డు పోయిందంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: పాత ర్యామ్‌తో చక్కగా నడుస్తుంటే బోర్డు పోయిందనడం తొందరపాటు. ముందు కొత్త ర్యామ్ మీది స్టిక్కర్ చదవండి. అందులో పీసీ3-12800ఎస్ అని ఉందా, పీసీ3ఎల్-12800ఎస్ అని ఉందా? ఆ ఒక్క ‘ఎల్’ దగ్గరే ఉంటుంది తేడా అంతా. ఎల్ లేనిది మామూలు డీడీఆర్3 రకం ర్యామ్, 1.5 వోల్టులది. ఎల్ ఉన్నది డీడీఆర్3ఎల్, 1.35 వోల్టులది. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నీ ర్యామ్‌కి 1.35 వోల్టులే ఇస్తాయి. 1.5 వోల్టుల ర్యామ్ అంత తక్కువలో సరిగ్గా పనిచేయదు. ఆన్ చేయగానే బయోస్, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రామ్, ముందు ర్యామ్‌నే పలకరిస్తుంది. అక్కడ సరైన జవాబు రాకపోతే స్క్రీన్ దాకా వెళ్లకుండానే మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని మోడళ్లలో బీప్‌లు వినిపిస్తాయి, కొన్నింటిలో క్యాప్స్‌లాక్ లైటు మినుకుమంటుంది. ఇలా పెట్టి చూసినందుకు బోర్డుకేమీ కాదు, ర్యామ్ మారిస్తే సరిపోతుంది.

ఈ చిక్కు ఎందుకొస్తుందంటే రెండు రకాలకీ 204 పిన్నులే, గాటు కూడా ఒకే చోట. చేతికి ఏ తేడా తెలియకుండా స్లాట్‌లో దిగిపోతుంది. డీడీఆర్4 అయితే 260 పిన్నులు, గాటు వేరే చోట, 1.2 వోల్టులు. అది పొరపాటున కూడా ఎక్కదు కాబట్టి గొడవ లేదు.

మరి కొనేటప్పుడు ఏమని అడగాలి? రెండో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లది 1.5 వోల్టుల లెక్క, మూడో తరంలో రెండూ నడుస్తాయి, నాలుగు, ఐదు తరాలకి ఎల్ తప్పనిసరి. ఆరు, ఏడు తరాల్లో కొన్ని మోడళ్లకి డీడీఆర్3ఎల్, కొన్నింటికి డీడీఆర్4 ఉంటుంది, విప్పి చూడనిదే చెప్పలేం. డీడీఆర్3ఎల్ చిప్‌లు 1.5 వోల్టులకి కూడా తట్టుకుంటాయి. అందుకే డీడీఆర్3 రకం ర్యామ్ ఏది కావాలన్నా ‘ఎల్ ఉన్నదే ఇవ్వండి’ అని అడగడం మేలు. ధరలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు కూడా. డాబాగార్డెన్స్ అయినా ద్వారకానగర్ అయినా పాత ర్యామ్‌ని చిన్న కవర్లో వేసుకుని వెళ్లండి. మోడల్ నంబరు చెప్పడం కంటే అది కౌంటర్ మీద పెట్టడం నయం, ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల బోర్డులు వచ్చిన సందర్భాలున్నాయి.

ఇంకో మాట. మొదటి తరం ఐ3, ఐ5లు, అంతకు ముందరి కోర్ 2 డుయో ల్యాప్‌టాప్‌లలో డీడీఆర్3 4 జీబీ పెట్టాలంటే రెండు వైపులా కలిపి 16 చిప్‌లున్నదే తీసుకోండి. 8 చిప్‌లతో వచ్చే కొత్త రకం 4 జీబీలో చిప్‌ల సాంద్రత ఎక్కువ, అంటే ఒక్కో చిప్‌లో ఇమిడే మెమరీ రెట్టింపు, ఆ పాత ప్రాసెసర్లకి అది అర్థం కాదు. రెండో తరం నుంచి నాలుగో తరం దాకా ఒక్కో స్లాట్‌కి 8 జీబీయే పరిమితి, రెండు స్లాట్లుంటే 16 జీబీ. ఒకే స్లాట్‌లో 16 జీబీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే డబ్బులు తీయకండి.

ప్రశ్న: షాపుకి వెళ్లకుండా ఇంట్లోనే ర్యామ్ మార్చుకోవచ్చా? ఏమేం కావాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: తప్పకుండా మార్చుకోవచ్చు. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, అంటే పీహెచ్0 సైజుది, పనికిరాని ఏటీఎం కార్డు ఒకటి, తెల్ల కాగితం ఒకటి, కాస్త సెల్లోటేపు ఉంటే చాలు.

ముందు ల్యాప్‌టాప్‌ని పూర్తిగా ఆపాలి. విండోస్ 10లో మామూలుగా షట్‌డౌన్ నొక్కితే చాలా ల్యాప్‌టాప్‌లు సగం నిద్రలోనే ఉంటాయి. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఛార్జర్ పీకేసి, బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసేసి, పవర్ బటన్‌ని పదిహేను సెకన్లు నొక్కి ఉంచండి. బ్యాటరీ లోపల ఉండే రకమైతే మూత తీయగానే చేయవలసిన మొదటి పని, బోర్డుకి దాన్ని కలిపే కనెక్టర్‌ని ఊడదీయడం. వైరు పట్టుకుని లాగకండి, ప్లాస్టిక్ భాగాన్ని గోటితో మెల్లగా కదపండి.

కొన్నింటికి కింద ర్యామ్ కోసమే చిన్న తలుపు ఉంటుంది, ఒక్క స్క్రూతో పని అయిపోతుంది. మిగతావాటికి కింది మూత మొత్తం తీయాలి. స్క్రూలన్నీ తీశాక కూడా మూత రాలేదంటే బలం చూపించకండి. రబ్బరు కాళ్ల కిందో, డీవీడీ డ్రైవ్ వెనకో ఒకటి దాక్కుని ఉంటుంది. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే సెల్లోటేపుతో అంటించండి. పొడుగు స్క్రూని పొట్టిదాని చోట బిగిస్తే అది కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. ర్యామ్ మార్పిడి తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి, ర్యామ్‌కి మాత్రం ఏ సంబంధమూ లేదు. మూత అంచు సందులో ఏటీఎం కార్డు దూర్చి చుట్టూ జరుపుకుంటూ వస్తే లాకులు ఒక్కొక్కటే వదులుతాయి.

ర్యామ్ ముట్టుకునే ముందు రంగు వేయని ఇనుప వస్తువునో, స్టీలు కుళాయినో ఒకసారి తాకండి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్టాటిక్ భయం తక్కువే కానీ, దుప్పటి మీద, నైలాన్ చాప మీద పెట్టుకుని మాత్రం ఈ పని చేయకండి.

స్లాట్‌కి రెండు పక్కలా ఉండే క్లిప్పుల్ని బయటికి నెడితే ర్యామ్ దానంతటదే ఏటవాలుగా పైకి లేస్తుంది. ఆ వాలులోనే లాగేయండి. కొత్తదాన్ని కూడా అదే వాలులో, ఇంచుమించు 30 డిగ్రీల్లో, గాటు చూసుకుని దూర్చాలి. రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమంగా తోయండి. బంగారు రంగు కాళ్లు సన్నటి గీతలా తప్ప బయటికి కనిపించకూడదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కనిపిస్తోందంటే వంకరగా దిగినట్టు, తీసి మళ్లీ పెట్టండి. పూర్తిగా దిగాకే కిందికి నొక్కండి, క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. సగం దిగినా క్లిప్పులు పడతాయి, చాలామంది మోసపోయేది ఇక్కడే.

మూత బిగించకముందే బ్యాటరీ తగిలించి ఒకసారి ఆన్ చేసి చూడండి. మొదటిసారి ఒకటి రెండు నిమిషాలు నల్లగా ఉండొచ్చు, తనంతట తనే ఒకసారి ఆగి మొదలవొచ్చు, కంగారుపడి బటన్ నొక్కేయకండి. మెమరీ మారిందని తెర మీద సందేశం వస్తే ఎంటర్ కొట్టండి. ఆ తర్వాత విండోస్ సెర్చ్‌లో మెమరీ డయాగ్నస్టిక్ తెరిచి పరీక్ష పెట్టండి. ఇంకా గట్టిగా చూడాలంటే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 ప్లస్ ఉంది, ఉచితమే, రాత్రంతా వదిలేయండి. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ పనికిరానిదే. ‘ఒకటేగా’ అని ఉంచేసుకుంటే ఎప్పుడో ముఖ్యమైన ఫైలు చెడుతుంది. వాపసు గడువులోపే ఈ పరీక్ష ముగించుకోండి.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. వారం వాడకుండా పక్కన పెడితే ల్యాప్‌టాప్ ఆన్ అవదు. రిపేరు కుర్రాడు ర్యామ్ తీసి రుద్ది పెడితే పనిచేస్తుంది. మూడు నాలుగు నెలలకోసారి ఇదే తంతు.
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: ర్యామ్ కాళ్ల మీద బంగారు పూత ఉండేది చాలా పలచగా. దాని సన్నటి రంధ్రాల్లోంచి ఉప్పు తేమ లోపలి లోహాన్ని తింటుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి రోజూ వాడి వేడెక్కే యంత్రం కంటే, కిటికీ పక్కన ఊరికే పడి ఉన్నదే తొందరగా మొరాయిస్తుంది.

రుద్దడం తప్పు కాదు, దేంతో రుద్దుతున్నారన్నది చూడండి. మెత్తటి తెల్ల పెన్సిల్ రబ్బరుతో, ఒకే దిశలో, తేలిగ్గా. గరుకు కాగితం, ఇంకు చెరిపే రంగు రబ్బరు వాడితే ఉన్న పూత కూడా పోయి, మూడు నెలలకి వచ్చే బాధ నెలకే వస్తుంది. రబ్బరు పొట్టు స్లాట్‌లో రాలకుండా దూరంగా దులపండి. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. చేతుల శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. నోటితో ఊదడం అసలే వద్దు.

మీ విషయంలో తప్పు స్లాట్‌లో కూడా ఉండొచ్చు. ర్యామ్‌ని రెండో స్లాట్‌కి మార్చి కొన్నాళ్లు చూడండి. అక్కడ తకరారు లేకపోతే మొదటి స్లాట్ పిన్నుల మీద పచ్చటి చిలుం ఉందేమో టార్చి వేసి చూసి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టించండి. వాడనప్పుడు జిప్ ఉన్న బ్యాగులో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. మే నెలలో ఏసీ గదిలో చల్లబడ్డ ల్యాప్‌టాప్‌ని వరండాలోకి తెచ్చి వెంటనే విప్పకండి. లోపలి చల్లటి లోహం మీద బయటి తేమ నీటి పొరగా పడుతుంది. అరగంట ఆగండి.

ప్రశ్న: 8 జీబీ పెట్టించాను, వాడుకోదగ్గది 3.4 జీబీ అనే చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ‘8 జీబీ’ అని ముందు చూపించి, పక్కన 3.4 అంటోందంటే ర్యామ్ అసలుదే, మీ విండోస్ 32 బిట్‌ది అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ చూడండి. 32 బిట్ విండోస్ మామూలుగా 4 జీబీ దాటి చూడలేదు. 64 బిట్‌కి మారాలంటే ఉన్నదాని మీద ఎక్కించడం కుదరదు, ఫైళ్లన్నీ బయటికి తీసుకుని కొత్తగా వేయించాలి. పాత అకౌంట్ల సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ ఉంటే వాటికి 64 బిట్ డ్రైవర్లు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.

64 బిట్టే అయితే విండోస్ సెర్చ్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి తెరిచి, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఉందేమో చూసి తీసేయండి. ‘వేగం పెంచే చిట్కా’ పేరుతో ఎవరో పెట్టి వదిలేస్తుంటారు. అదీ కాకపోతే ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి.

ప్రశ్న: డబ్బు ఒకదానికే ఉంది. ర్యామ్ పెంచాలా, పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయాలా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: మీరు రోజూ వాడేవన్నీ తెరిచి ఉంచి టాస్క్ మేనేజర్ చూడండి. మెమరీ 60 శాతం దగ్గర, డిస్క్ 100 శాతం దగ్గర కొట్టుకుంటుంటే ఎస్ఎస్‌డీ. మెమరీయే 85 దాటుతుంటే ర్యామ్. 4 జీబీ, పాత హార్డ్ డిస్క్ రెండూ ఉన్నవారికి మా ఓటు ముందు ఎస్ఎస్‌డీకే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌నే వాడుకుంటుంది, ఆ డిస్క్ వేగంగా ఉంటే ర్యామ్ లోటు కూడా కొంత కప్పుకుపోతుంది. 2.5 అంగుళాల సాటా రకం, 7 మిల్లీమీటర్ల మందం అని అడగండి.

ఒకటి గుర్తుంచుకోండి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 ఒప్పుకోదు, ర్యామ్ ఎంత పెంచినా సరే. బ్రౌజింగ్, టైపింగ్ వరకే అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, 8 జీబీలో హాయిగా నడుస్తుంది.

ప్రశ్న: తీసేసిన పాత ల్యాప్‌టాప్ ర్యామ్‌ని మా డెస్క్‌టాప్‌లో వాడొచ్చా?
– ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: మామూలు డెస్క్‌టాప్‌లో పట్టదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొడవు 67.6 మిల్లీమీటర్లు, డెస్క్‌టాప్‌ది 133. అరచేతిలో పట్టే మినీ పీసీలు, కొన్ని ఆల్ ఇన్ వన్‌లు మాత్రం ల్యాప్‌టాప్ ర్యామ్‌నే వాడతాయి.