నవారినో యుద్ధంలో గ్రీకు నౌకాదళమే లేదంటారు, మరి గ్రీస్‌కి స్వాతంత్య్రం దానివల్ల వచ్చిందని ఎందుకంటారు?

అవునండీ, 1827 అక్టోబర్ 20న గ్రీస్ తీరంలోని నవారినో బేలో (చిన్న అఖాతం) గ్రీకు నౌకాదళం లేదు. ఒకపక్క బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, రెండోపక్క ఈజిప్ట్ సేనాని ఇబ్రహీం పాషా తాలూకు టర్కీ-ఈజిప్ట్ ఓడలు.

నేను మర్చంట్ నేవీలో డెక్ ఆఫీసర్‌ని, మాది విశాఖ. ఒకసారి ఓడలో డ్యూటీ ముగిసి సైన్ ఆఫ్ అయ్యాక ఫ్లైట్‌కి రెండ్రోజులు టైముంటే గ్రీస్‌లోని కలమాటా నుంచి బస్సెక్కి పైలోస్ వెళ్ళా, నవారినో అంటే ఆ ఊరి ముందున్న బేనే. కోట గోడ మీద నిలబడి చూస్తే స్ఫాక్టీరియా దీవి బేకి అడ్డంగా పడుకుని ఉంటుంది, పెద్ద ఓడలు రావాలంటే దక్షిణాన ఉన్న సందులోంచే రావాలి. ఇంజన్ ఉన్న ఓడలో వెళ్ళాలన్నా నేను ఒకటికి రెండుసార్లు చూసుకుంటా, అలాంటిది వాళ్ళు కోట ఫిరంగుల కిందనుంచి ఒట్టి తెరచాపలతో లోపలికొచ్చి, గుర్రపులాడంలా బారులు తీరిన శత్రువు ఓడల మధ్యలోనే లంగరేశారు! ఇక అక్కణ్ణుంచి కదిలేదేముంది, ఆగినచోటే ఎదురెదురుగా కాల్చుకోవడమే. మధ్యాహ్నం మొదలై చీకటి పడేలోపు టర్కీ-ఈజిప్ట్ ఓడల్లో సగానికి పైగా పోయాయి, మిత్రపక్షాలది ఒక్క ఓడ కూడా మునగలేదు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, అప్పటికి టర్కీ పాలన మీద గ్రీకుల తిరుగుబాటు దాదాపు చచ్చిపోయే స్థితిలో ఉంది. 1826లో గ్రీకుల చేతిలో ఉన్న మిసలోంగి పట్టణం పడిపోయింది, 1827లో ఏథెన్స్ కోట కూడా పోయింది. ఆ తిరుగుబాటును అణచడానికొచ్చిన ఇబ్రహీం సైన్యానికి తిండీ, మందుగుండూ వచ్చేది సముద్రం మీదే కాబట్టి ఆ ఓడలు పోయాక అతను ఎక్కువకాలం నిలబడలేకపోయాడు, 1828లో వెళ్ళిపోయాడు. 1830లో గ్రీస్ స్వతంత్ర దేశమైంది.

ఇంకోటి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం: బ్రిటిష్ అడ్మిరల్ కోడ్రింగ్టన్ ఎక్కిన ఏషియా అనే ఓడ మన బొంబాయి డాక్‌యార్డులో టేకుతో కట్టింది, 1824లో నీళ్ళలోకి దింపారు. గ్రీస్ విడుదలలో మన వడ్రంగుల చేతిపని కూడా ఉందన్నమాట.

గ్రీకులు అసలు లేరనీ అనకండి. ఏషియాలో పైలట్ (ఓడకి దారి చూపించేవాడు) గ్రీకువాడే, పేరు మికెలిస్. చుట్టూ కాల్పులు మొదలైపోయినా, మేం మీ మీద కాల్పులు జరపాలనుకోవట్లేదని చెప్పిరమ్మని కోడ్రింగ్టన్ అతన్ని పడవలో ఈజిప్ట్ అడ్మిరల్ ఓడ దగ్గరికి పంపాడు. పడవ ఆ ఓడ పక్కకి చేరగానే అతన్ని కాల్చి చంపేశారు.