కొత్త దేశంలో బ్రా కొనేటప్పుడు: సైజుతో పాటు ఆకారమూ చూడండి

కొత్తగా వచ్చిన అమ్మాయిలు మొహమాటపడుతూ అడిగే సందేహం ఇది. "అక్కా, నాది 34బి. ఇక్కడ షాపులో 75, 90 అని ఉన్నాయి. ఏది తీసుకోవాలి?"

మన 34 జర్మనీలో 75, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో 90, ఆస్ట్రేలియాలో 12 అవుతుంది. బ్రిటన్, అమెరికాల్లో 34 అనే ఉంటుంది కానీ, డీ దాటాక కప్పు అక్షరాలు ఒకలా ఉండవు. లేబుల్ మీద దేశాలవారీగా నంబర్లుంటే అన్నీ చదవండి.

అయితే ఆ 34బి మీకు ఎప్పుడు, ఎవరు కొలిచి చెప్పారు? చాలామంది కాలేజీ రోజుల నాటి సైజే కొనుక్కుంటూ పోతారు. ముందు రొమ్ముల కింద టేపు బిగుతుగా చుట్టి కొలవండి. అది బ్యాండ్, అంటే రొమ్ముల కింద చుట్టూ ఉండే పట్టీ కొలత. తర్వాత నిండుగా ఉన్న చోట వదులుగా కొలవండి. బ్రిటిష్ సైజుల్లో ఈ రెండింటికీ తేడా సుమారుగా ఒక్కో అంగుళం పెరిగితే కప్పు ఒక్కో అక్షరం పెరుగుతుంది. డీ అనగానే కంగారు పడకండి. 32డి, 34సి, 36బి కప్పుల్లో పట్టేది దాదాపు ఒకటే.

బరువు మోయాల్సింది బ్యాండే, స్ట్రాప్‌లు కాదు. వీపు మీద బ్యాండ్ పైకి జరుగుతున్నా, భుజాల మీద గాట్లు పడుతున్నా చాలావరకు బ్యాండ్ వదులైనట్టే. కొత్త బ్రా అన్నిటికంటే వదులు హుక్కులో సరిపోవాలి. వాడేకొద్దీ సాగుతుంది కాబట్టి, లోపలి హుక్కులు అప్పటికి పనికొస్తాయి.

అందరూ తికమకపడేది కప్పు పైన ఖాళీ కనిపించినప్పుడే. వెంటనే చిన్న సైజు అడగకండి. కాస్త ముందుకు వంగి, చంక వైపు నుంచి చేత్తో రొమ్ము మొత్తాన్ని కప్పులోకి తెచ్చుకుని, నిటారుగా నిలబడి చూడండి. పక్కన, కప్పు కింది అంచులో ఉండే వైర్ రొమ్ము మీదే కూర్చుంటే, రెండు కప్పుల మధ్య భాగం ఛాతీ ఎముకకు ఆనకుండా లేచి ఉంటే, పైన ఖాళీ ఉన్నా సరే కప్పు చిన్నదే! వైర్ సరిగ్గా కూర్చున్నాక కూడా ఖాళీ ఉంటే అది ఆకారం సంగతి. కింది భాగం నిండుగా, పైన పలచగా ఉన్నవాళ్ళకి గట్టి ప్యాడెడ్ కప్పు ఒంటికి తగ్గట్టు వంగదు. పైన తక్కువ ఎత్తు ఉండే డెమీ, బాల్కనెట్ రకాలు వాళ్ళకి చక్కగా కుదురుతాయి. పైన నిండుగా ఉంటే కప్పు అంచు రొమ్ములోకి నొక్కుకుపోతుంది, సాగే లేస్ ఉన్నది తీసుకోండి. ఒక రొమ్ము పెద్దగా, ఒకటి చిన్నగా ఉండటం మామూలే, దానికి టెన్షన్ వద్దు. పెద్దదానికి సరిపడా తీసుకుని, రెండోవైపు తీసి పెట్టుకునే ప్యాడ్ వేసుకోండి.

ట్రయల్ రూములో సిగ్గుపడి రెండు నిమిషాల్లో బయటికి వచ్చేయకండి. చేతులు పైకెత్తండి, కూర్చోండి, పైన మీ టీషర్ట్ వేసుకుని చూడండి. కొలతలు తీసే అమ్మాయి ఉంటే అడగండి, అది వాళ్ళ రోజువారీ పనే. ఆమె చెప్పిన సైజు ఒంటి మీద నొక్కుతుంటే మాత్రం తీసుకోకండి.