బరువు పెరిగేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మా బాబుకు మూడు నెలలు నిండాయి. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. నెల దాటాక పాలు తాగుతూ ఆయాసపడి మధ్యలో వదిలేస్తున్నాడు, నుదుట చెమటలు పడుతున్నాయి. బరువు 3.9 కిలోలే. ఎకో పరీక్షలో గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉందన్నారు. అది దానంతటదే పూడుతుందని, లేకపోతే బరువు పెరిగాక ఆపరేషన్ చేయించవచ్చని మావాళ్లు అంటున్నారు. నేను గ్రహణం నాడు బయట తిరగడం వల్లే ఇలా అయిందని అత్తగారు బాధపడుతున్నారు.
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ప్రతి 1000 మంది శిశువుల్లో సుమారు 8 మంది గుండె లోపంతో పుడతారు. మేనరికాల్లో ఇది కొంత ఎక్కువే గాని, చాలామంది విషయంలో ఫలానాదే కారణమని ఏ వైద్యుడూ చెప్పలేడు. తప్పు మీది కాదని అత్తగారికి నా మాటగా చెప్పండి.

పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కనుక రంధ్రం గుండా రక్తం అంతగా పారదు. కొన్ని వారాలకు ఆ ఒత్తిడి తగ్గాక, ఒంటికి అందవలసిన రక్తంలో చాలా భాగం మళ్లీ ఊపిరితిత్తులకే చేరుతుంది. మీ బాబుకు నెల దాటాక ఆయాసం మొదలైంది అందుకే. తాగిన పాల బలమంతా ఊపిరి తీయడానికే సరిపోతోంది. బరువు పెరగనివ్వనిది ఆ రంధ్రమే అయినప్పుడు, బరువు కోసం ఆపరేషన్ ఆపడంలో అర్థం లేదు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడుతాయి. ఇంత ఇబ్బంది పెడుతున్న పెద్ద రంధ్రానికి సాధారణంగా తొలి ఏడాదిలోనే, తరచుగా ఆరు నెలల లోపే, ఆపరేషన్ చేస్తారు. ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, ఆపరేషన్‌కే వీలులేని స్థితి వస్తుంది.

కాబట్టి బరంపురంలోనో విశాఖపట్నంలోనో పిల్లల గుండె వైద్యులకు ఈ వారమే చూపించండి. 2013లో మొదలైన ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుండె లోపాలకు ఉచిత చికిత్స ఉంది. ఎకో కాగితాలతో జిల్లా ఆసుపత్రిలో అడగండి, పిల్లలను పరీక్షించే ఆ పథకం బృందం అంగన్‌వాడీకి వచ్చేదాకా ఆగవద్దు.

ఈలోగా పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టండి. అలసిపోతే పిండిన పాలను శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. వారం వారం ఒకే తూకం యంత్రంపై బరువు చూడండి. ఒంట్లో చేరిన నీటిని మూత్రం ద్వారా తగ్గించే ఫ్యూరోసిమైడ్ వంటి మందు రాసి ఉంటే, దాని మోతాదు బరువునుబట్టి మారుతుంది కనుక సొంతంగా పెంచవద్దు, మానవద్దు. టీకాలు ఆపకండి. డొక్కలెగరేస్తున్నా, పెదవులు, నాలుక నీలంగా మారినా, పాలు పూర్తిగా మానేసినా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.