జాబితాలో పేరుంటే ఎగిరినట్టేనా?

ప్రశ్న: మిలిటరీ ఎయిర్‌షోకి వచ్చే విమానాల పేర్లు వారానికి కొన్ని చొప్పున ప్రకటిస్తున్నారు. మా అబ్బాయికి రోజూ అదే ధ్యాస. వాడికిష్టమైన ఎఫ్-16 పక్కన ‘స్టాటిక్’ అని ఉంది. టికెట్ కొనమంటారా?

జవాబు: స్టాటిక్ అంటే విమానం నేల మీదే ఉంటుంది, ఎగరదు. ముందు ఆ మాట అబ్బాయికి చెప్పేయండి. కాకపోతే దగ్గరికెళ్లి, దాని పొట్ట కింద గాలి పీల్చే పెద్ద నోరు తీరిగ్గా చూడొచ్చు. నాకైతే అదే ఇష్టం. ‘ఫ్లైపాస్ట్’ అని ఉంటే అలా వచ్చి ఇలా వెళ్లిపోతుంది, విన్యాసాలు ఉండవు.

ఎగిరే జాబితాలో ఉన్నా నమ్మకం తక్కువే. నేనొకసారి ఓ పాత బాంబర్ కోసం నాలుగు నెలలు క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ గడిపాను. తీరా ముందురోజు సాయంత్రం ఇంజిన్ లోపమని రద్దు చేశారు. పాతవాటితో ఎప్పుడూ ఇదే టెన్షన్. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ లాంకాస్టర్ బాంబర్లు 7,000కు పైగా తయారైతే, ఇప్పుడు ఎగిరే స్థితిలో ఉన్నవి రెండే. ఒకటి బ్రిటన్‌లో, ఒకటి కెనడాలో. బదులు ఎక్కడి నుంచి తెస్తారు?

మబ్బుల సంగతి వేరే. బ్రిటన్ వైమానిక దళపు విన్యాసాల జట్టు రెడ్ యారోస్ మూడు రకాల ప్రదర్శనలు సిద్ధంగా ఉంచుకుంటుంది. మేఘాలు బాగా ఎత్తులో ఉంటే లూప్‌లు (నిలువుగా గుండ్రంగా తిరగడం), కాస్త దిగితే రోల్స్ (పక్కకు పొర్లడం), మరీ కిందికొస్తే మలుపులతో సరి.

ఒక్క విమానం కోసమే అయితే కొనకండి. నచ్చినవి నాలుగైదుంటే కొనండి. అబ్బాయి చెవులకు ఇయర్‌మఫ్స్ తప్పనిసరి.