స్తంభాల మీది చెక్క ఇంట్లో నేల చలి: మేం చేసింది ఇదీ

"ఇల్లు స్తంభాల మీద ఉంది, సోలార్ తప్ప కరెంటు లేదు, చెక్క నేల కింద నుంచి చలి తన్నుకొస్తోంది, థర్మోకోల్ కొడితే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోతుంది గానీ అది రెండో పని. ముందు గాలిని ఆపాలి. ఈ వరస తెలియక నేను రెండు చలికాలాలు వణికాను.

మాది లంబసింగి పక్క ఊరు. నేల వాలుగా ఉందని సిమెంటు స్తంభాల మీద రెండున్నర అడుగుల ఎత్తులో 12×15 అడుగుల చెక్క గది వేసుకున్నాం. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారట, అందుకని ఆ పేరు. మా గదిలో లోపల పడుకున్నా అంతే ఉండేది.

హీటరు సంగతి వదిలేయండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యానికి కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండా ఉంటే 1.8 యూనిట్ల కరెంటు. 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. సగానికి మించి వాడుతూ పోతే బ్యాటరీ తొందరగా చస్తుంది. అంటే 1000 వాట్ల హీటరు గంట కూడా నడవదు. ఇక గదిలో హీటర్లంటే మనుషులమే. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, మేం నలుగురం. లోపలికీ బయటికీ 10 డిగ్రీల తేడా ఉంటే, అంగుళం పలకల గుండా నేల ఒక్కటే 300 వాట్లకు పైగా లాగేస్తోందని లెక్క తేలింది. రెండంగుళాల థర్మోకోల్ వేస్తే అది 100 లోపుకు దిగుతుంది, సందులు మూసి ఉంటేనే.

గాలి వీచే రాత్రి అగరుబత్తి వెలిగించి పలకల వెంట మెల్లగా జరపండి. పొగ నిటారుగా లేస్తే అక్కడ ఫరవాలేదు. మా ఇంట్లో గోడా నేలా కలిసే చోట పొగ అడ్డంగా పడుకుని మంచం కిందికి పరుగెత్తింది! సన్న సందుల్లో రంపపు పొట్టు ఫెవికాల్‌లో కలిపి కూరాను, గోడ వెంట బద్దెలు కొట్టాను. ఖర్చు దాదాపు లేదు, సగం చలి దానితోనే పోయింది.

తర్వాత థర్మోకోల్. కింద నుంచి అడ్డదూలాల మధ్య బిగుతుగా, పలకలకు అంటుకునేలా పెట్టాలి. మధ్యలో ఖాళీ ఉంటే గాలి అక్కడ దూరుతుంది, పెట్టీ దండగ. మొదటిసారి ఊరికే మేకులతో ఆపాను. నెల తిరక్కుండా ఇంటి కింద తెల్లటి పూసలు, మంచు పడ్డట్టు. ఎలుకలు! ఈసారి పావంగుళం కళ్ల ఇనప జాలీ వేసి బిగించాను. జాలీ బదులు టార్పాలిన్ కట్టేయాలని మాత్రం చూడకండి. వానాకాలంలో అందులో నీళ్లు నిలిచి మా పలకలకు బూజు పట్టింది.

ఇంకొకటి, నేను చేసిన తెలివితక్కువ పని. సందులన్నీ మూసిన గదిలో అలవాటు చొప్పున కుంపటి పెట్టాం. అర్ధరాత్రి మా ఆవిడకు తలనొప్పి, వాంతులు. తలుపు తీసి బయట కూర్చోబెడితే గానీ తేరుకోలేదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇప్పుడు కుంపటి వసారాలోనే. కిటికీ పైన రెండు వేళ్ల సందు కావాలనే వదిలాను. మీరూ అలాంటిది ఒకటి ఉంచుకోండి, చలేసినా సరే.